గది చప్పుడు

నేను ఒక కాలర్ మైకుని. నల్లగా, చింతగింజలో సగం ఉంటాను. మీరు నన్ను టీవీలో వందసార్లు చూసే ఉంటారు గానీ పట్టించుకుని ఉండరు. మంత్రిగారి చొక్కా బొత్తాల మధ్య, వంటలావిడ పైట అంచున, ప్రవచనం చెప్పే ఆయన కండువా మడతలో పురుగు వాలినట్టు కనిపించేది నేనే. అందరి చూపూ మాట్లాడేవాళ్ళ మొహం మీదే ఉంటుంది. మొహానిదేముందండీ, దాన్ని దిద్దుకోవచ్చు. నేనుండేది గుండెకి జానెడు దూరంలో. అక్కడ పౌడర్లూ రంగులూ పనిచెయ్యవు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు అసలు చెప్పను. కొన్ని చప్పుళ్ళు కూడా మార్చాను. చప్పుళ్ళు మార్చడమేమిటని నవ్వకండి, కాసేపు ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నన్ను బిగించి, పనిచేస్తున్నానో లేదో చూడటానికి ‘ఫూ’ అని ఊదింది. నేను మొదట విన్నది ఆ ఊపిరే. ఓడెక్కి వచ్చి హైదరాబాదు కోఠిలో అద్దాల బీరువాలో కొన్నాళ్ళున్నాను. పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన కొనుక్కెళ్ళాడు. కన్యాదానం చేస్తున్న తండ్రి మంత్రాల మధ్యలో ‘వంకాయ కూర సరిపోతుందంటావా’ అని గొణిగింది నా వల్లే వీడియోలో పడింది. అక్కణ్ణించి ఒక వార్తా ఛానల్‌కి వెళ్ళాను. ఒక నాయకుడు రైతుల కోసం కంటతడి పెట్టుకున్నాడు. కెమెరా అటు తిరగ్గానే నేనొకదాన్ని ఉన్నానన్న ధ్యాసే లేకుండా ‘బాగా వచ్చిందా?’ అని పక్కవాణ్ణి అడిగాడు. మనుషులకి కెమెరా అంటేనే భయం. చెవంటే లోకువ.

ఛానల్ మూతపడ్డాక నన్ను మస్తాన్‌వలి కొనుక్కున్నాడు. బాపట్లవాడు, నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి, సినిమాలకి శబ్దం పట్టడం అతని పని. మాట తక్కువ మనిషి. నన్ను కళ్ళజోడు డబ్బాలో దూది వేసి దాచేవాడు. నా యజమానుల్లో నన్ను మనిషిలా చూసినవాడు అతనొక్కడే. అతనికో అలవాటుంది. ఎక్కడ ఎవరి మాటలు రికార్డు చేసినా, పనైపోయాక అందర్నీ కదలకుండా కూర్చోమంటాడు. ‘ఒక్క నిమిషం. ఎవరూ మాట్లాడకండి. గది చప్పుడు తీసుకుంటాను’ అంటాడు. ప్రతి గదికీ ఒక చప్పుడుంటుంది. ఫ్యాను, గోడ గడియారం, బయట కాకి, పక్కింటి కుక్కరు. మాటలు కత్తిరించి అతికేటప్పుడు మధ్యలో ఖాళీ తెలియకుండా ఆ చప్పుడు పరుస్తారు. పనికోసమే అడుగుతాడు గానీ, ఆ నిమిషం మనవాళ్ళకి చచ్చే చావు. గంటసేపు గడగడా మాట్లాడిన వాళ్ళు అరవై సెకన్లు నోరు మూసుకోలేక దగ్గుతారు, కుర్చీలో కదులుతారు, చెవి గోక్కుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉజ్వల అనే హైదరాబాదు అమ్మాయి గర్భస్రావం గురించి ఒక డాక్యుమెంటరీ మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. ‘తప్పనే వాళ్ళనీ తప్పు కాదనే వాళ్ళనీ ఇద్దర్నీ కూర్చోబెట్టి వింటాను. తీర్పు నేను చెప్పను’ అని పట్టుబట్టింది. గోదావరి కాలవ పక్కన ఒక చిన్న ఊరు ఎంచుకుంది. అక్కడ ఆమెకి సరిగ్గా ఎదురెదురుగా నిలబడే ఇద్దరు దొరికారు.

ఒకరు డాక్టర్ హైమవతిగారు. సొంత నర్సింగ్ హోము నడుపుతారు. నన్ను పెట్టుకుని కూర్చోగానే మొదలుపెట్టారు. “నా దగ్గరికొచ్చేది సిద్ధాంతాలు కావమ్మా. చెప్పులు బయట విప్పి, చెమటలు కక్కుకుంటూ వచ్చే మనిషి. చట్టం ఆ మనిషి సంతకమే అడుగుతోంది, వాళ్ళాయనదీ అత్తగారిదీ కాదు. నేను కాదంటే మానేస్తుందనుకుంటున్నారా? ఇంకెక్కడికో పోతుంది. అలా పోయినవాళ్ళు నా బల్ల మీదకి ఎలా తిరిగొచ్చారో నేను చూశాను.” గొంతు గట్టిగానే ఉంది. కానీ ‘మీకెప్పుడూ సందేహం రాలేదా’ అని ఉజ్వల అడిగినప్పుడు ఆవిడ గుండె ఒక్క క్షణం తడబడటం నాకు వినిపించింది. “ఒక్కసారి,” అన్నారు. “కడుపులో ఉన్నది ఆడపిల్ల అని ఎక్కడో తెలుసుకుని వచ్చి, నాతో వేరే కారణం చెప్పారు. నాకు తర్వాత తెలిసింది.” అంతకుమించి ఆ విషయం మాట్లాడలేదు.

రెండో ఆవిడ సిస్టర్ దయామణి. మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ వీధిలోకొస్తే పిల్లలు అల్లరి ఆపేస్తారు. సండే స్కూలు గదిలో కూర్చుని చెప్పారు. “నేను ట్రైనింగులో ఉండగా ట్రేలో చూశాను. ఇంతే ఉంది. వేళ్ళున్నాయి. ఆవేళే డాక్టరుగారితో చెప్పేశాను, ఈ పనికి నన్ను పిలవద్దని. ఆఖరి రోజు దాకా వెళ్ళలేదు. తల్లి ప్రాణం మీదకొస్తే అది వేరు, అప్పుడు నేనే పరిగెత్తాను. కానీ తోచక, ఇబ్బందై, వద్దనుకుని తీయించుకోవడం తప్పు. ఎవరేమన్నా తప్పే.” గది చప్పుడు తీసే నిమిషంలో ఆవిడొక్కరే ఊపిరి కూడా సవ్వడి రాకుండా కూర్చున్నారు. మస్తాన్ ముచ్చటపడ్డాడు.

ఇద్దరూ గట్టివాళ్ళే, ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. అయినా ఉజ్వలకి తృప్తి లేదు. “వీళ్ళిద్దరూ ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషి కావాలి మస్తాన్,” అంది. డాక్టరుగారు తన పాత పేషెంట్లలో కొందరిని అడిగి చూశారు. అందరూ తలుపేసుకున్నారు. ఒక్కతి ఒప్పుకుంది.

ఆమె పేరు కృపావతి. ఇరవై తొమ్మిదేళ్ళు, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త లారీ మీద వెళ్తే వారానికోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో పాప, అత్తగారు సువార్తమ్మ. అత్తగారు కూరగాయలకి వెళ్ళిన రెండు గంటల్లో పని కానివ్వాలి. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి మొహం నల్లటి నీడ అయ్యేలా పెట్టారు. గొంతు మార్చేస్తామన్నారు. “ఎవ్వరికీ తెలియనివ్వను. నా మాట నమ్ము,” అని ఉజ్వల ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. మగవాడు పైటకి మైకు పెట్టకూడదు కదా, నన్ను ఉజ్వలే తగిలించింది. ఆ గుండె కొట్టుకోవడం విని నాకే భయం వేసింది.

“అప్పటికి పాపకి ఏడో నెలండి,” అంది కృపావతి. “ఆపరేషను కుట్లు చీము పట్టి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మళ్ళీ నిలిచింది. మా అత్తయ్య వీధంతా చెప్పేసుకున్నారు. ఆయనైతే పేరు కూడా పెట్టేసేరండి. నాకు మాత్రం రాత్రీ పగలూ ఒకటే వణుకు. ఎవరితోనూ చెప్పలేదు. డాక్టరుగారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళేను. ఇంట్లో నిలవలేదని చెప్పేనండి.”

అప్పటిదాకా కరెంటు లేదు. ఆమె అక్కడికి వచ్చేసరికి కరెంటొచ్చింది. గోడవతల ఉన్న పిండిమర గుడగుడమని మొదలైంది. దాని బెల్టు ఎప్పుడో తెగితే అతికించారు. అతుకు చక్రం మీదకి వచ్చినప్పుడల్లా ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది. గుడగుడగుడ, టప్. గుడగుడగుడ, టప్. కృపావతి ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

“ఆరేళ్ళయిందండి. తప్పు చేసేనని అనట్లేదు. హాయిగా ఉన్నాననీ అనట్లేదు. ఇలాంటివాటి గురించి రెండిట్లో ఏదో ఒకటే అనాలంటారు అందరూ. నాకు రెండూ రావట్లేదండి.”

ఏటా ఆ తారీఖున అత్తగారు మనవడు పోయాడని ఉపవాసముండి ఏడుస్తుందని కూడా చెప్పింది. ఆ ముక్క సినిమాలో ఉంటే ఇట్టే పట్టుబడిపోతుందని ఉజ్వల అప్పుడే తీసెయ్యాలని రాసుకుంది. చూశారా ఎంత జాగ్రత్తో! మొహం దాచారు, గొంతు మార్చారు, వివరాలు తీసేశారు. మర చప్పుడు మాత్రం ఉంచేశారు. ‘తీసేద్దామా’ అని ఉజ్వల అడక్కపోలేదు. “వద్దు మేడమ్. మాటతో కలిసిపోయింది, తీస్తే మాట కూడా దెబ్బతింటుంది. అయినా ఎంత బాగుందో వినండి, ప్రాణం ఉంది అందులో,” అన్నాడు మస్తాన్. చప్పుడంటే చెవికోసుకునేవాడు, దాని అందమే చూశాడు. అది ఎవరి గోడవతలి చప్పుడో ఆలోచించలేదు. కృపావతికి ఫోన్లో వినిపించి సరేననిపించుకున్నారు కూడా. ఆమె ఆ మర పక్కనే పొద్దస్తమానం బతుకుతోంది, ఆమె చెవికి అది ఆనలేదు.

సినిమా బయటికి పంపేముందు అందులో మాట్లాడినవాళ్ళకి చూపించి, అభ్యంతరాలుంటే చెప్పమనడం ఉజ్వల పెట్టుకున్న పద్ధతి. గ్రంథాలయానికి సెలవైన రోజు చదువుకునే గదిలో చిన్న తెర కట్టారు. డాక్టరుగారు ఒక మూల, దయామణిగారు ఒక మూల. పలకరింపుల్లేవు. వాళ్ళేమంటారో పట్టుకోవడానికి మస్తాన్ నన్ను బల్లమీద ఉంచాడు. తెరమీద డాక్టరుగారు మాట్లాడినంతసేపూ సిస్టరుగారు గోడకేసి చూశారు. సిస్టరుగారి వంతు వచ్చినప్పుడు డాక్టరుగారు ఫోను చూసుకున్నారు. కృపావతి నీడ తెరమీదకి వచ్చింది. ఇద్దరూ తెరవైపు తలలు తిప్పారు.

“ఆపండి,” అన్నారు దయామణిగారు.

ఉజ్వల ఆపింది.

“వెనక్కి తిప్పండి. మళ్ళీ పెట్టండి.”

కళ్ళు మూసుకుని విన్నారు. గుడగుడగుడ, టప్. మూడోసారి కూడా పెట్టించుకున్నారు. తర్వాత కళ్ళు తెరిచి, రోగి జ్వరమెంతో చెప్పినంత మామూలుగా చెప్పారు. “ఇది పాలెం మలుపులో పిండిమర. నేను రాగులు ఆడించేది అక్కడే. గోడకి ఇవతల ఇల్లు సువార్తమ్మది. ఈ పిల్ల సువార్తమ్మ కోడలు.”

మస్తాన్ చేతిలో ఉన్న టీ గ్లాసు ఒలికింది. డాక్టరుగారే ముందు తేరుకున్నారు. “సిస్టర్, ఆ అమ్మాయి నన్ను నమ్మి ఒప్పుకుంది. మీరిది బయటపెడితే ఆమె ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేదు.”

“సువార్తమ్మ ప్రతి ఆదివారం నా పక్కన కూర్చుంటుంది డాక్టరుగారూ. ఆరేళ్ళుగా ఏటా ఆ బిడ్డ కోసం నాచేత ప్రార్థన చేయిస్తోంది. వాళ్ళింట్లో మోకాళ్ళ మీద ఉండి చేశాను. అబద్ధానికి మోకాళ్ళూనాను నేను.” ఆవిడ గొంతు మొదటిసారి వణికింది. కోపమో దుఃఖమో నాకు తెలియలేదు.

“అయితే చెప్పేస్తారా?”

“ఏం చెయ్యాలో నాకు మీరు చెప్పక్కర్లేదు.” గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత రెండు రోజులు మేం దిగిన లాడ్జి గదిలో ఎలా గడిచాయో నేను చెప్పలేను. ప్రదర్శనకి వచ్చే ఆదివారం టౌన్ హాలు మాట్లాడేశారు. కరపత్రాలు పంచేశారు. సిస్టరుగారు సినిమాలో ఉన్నారు కాబట్టి చర్చి ఆడవాళ్ళంతా వస్తున్నారు, సువార్తమ్మతో సహా. కృపావతి భాగం తీసేస్తే దయామణిగారికి తెలిసిన రహస్యం తెలిసినట్టే ఉంటుంది, పైగా ఆ ఒక్క గొంతూ లేకుండాపోతుంది. మస్తాన్ ‘నా చెవులు కోసెయ్యాలి మేడమ్’ అంటూ తల పట్టుకున్నాడు. చివరికి ఉజ్వల ధైర్యం చేసి కృపావతికి ఫోన్ చేసింది. అటునుంచి “సిస్టరుగారికా?” అన్న ఒక్క మాట. ఫోను పెట్టేసింది. ఉజ్వల మంచం మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మాటిచ్చి తప్పినందుకు ఏడ్చింది, నాకు తెలుసు.

మూడో రోజు పొద్దున్న దయామణిగారే ఫోన్ చేశారు. “ఆ పిల్లని పదకొండింటికి మా ఇంటికి పంపమని సువార్తమ్మతో చెప్పాను. మీరూ రండి. ఆ గుండీ కూడా తెండి.”

గుండీ అంటే నేనన్నమాట! ఆవిడేం చెయ్యబోతున్నారో ఎవరికీ అంతుబట్టలేదు.

మేము వెళ్ళేసరికి కృపావతి గేటు దగ్గరే నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు.

“అత్తయ్యకి చెప్పేసేరా అండి?”

“జాకెట్టు కొలతలకి పంపమన్నాను. కొలతలు తీసుకునే వెళ్తావు. అబద్ధం నా నోట రాదు,” అన్నారు దయామణిగారు. “చెప్పులక్కడ విప్పు. మంచినీళ్ళు తాగు.”

నిజంగానే ముందు కొలతలు ఇచ్చారు. చెయ్యి పొడవు, భుజం, నడుము. కృపావతి చేతిలోంచి టేపు రెండుసార్లు జారింది. అయ్యాక దయామణిగారు కుర్చీ లాగి ఎదురుగా కూర్చున్నారు. “ఆ మర దగ్గర చెప్పిందంతా ఇక్కడ మళ్ళీ చెప్పు. మర చప్పుడున్నది తీసేసి ఇదే సినిమాలో పెట్టుకుంటారు. నువ్వు లాడ్జికి వెళ్తే ఊరంతా అడుగుతుంది, డాక్టరు దగ్గరికి వెళ్తే అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. మా ఇంటికొస్తే ఎవరూ అడగరు.”

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి ఆవిడ పెంచుకునే గిన్నికోళ్ళు ఒక్కసారి అరుపులందుకున్నాయి. చక్-చక్-చకా అని చెవులు చిల్లులుపడేలా. మస్తాన్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఆవిడవైపు చూశాడు. ఈసారి అతనికి బుద్ధి వచ్చింది. “అమ్మా, ఇవి ఊళ్ళో ఇంకెవరింట్లోనైనా ఉన్నాయా?”

“లేవు.”

“మరి వాటిని ఆపలేం కదండీ. మీ ఇల్లని తెలిసిపోద్ది.”

“తెలియనీ.”

“మిమ్మల్ని అడుగుతారండీ.”

“అడగనీ బాబూ. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పేషెంటు సంగతి గడప దాటనివ్వలేదు. ఈ పిల్ల చెప్పింది నా చెవిన పడింది. పడ్డాక నా పేషెంటే.”

నన్ను దయామణిగారే తగిలించారు. వేళ్ళు గట్టిగా ఉన్నాయి, కానీ నొప్పి తెలియనివ్వవు. కృపావతి మొదలుపెట్టింది. మొదటిసారి ఆమె కెమెరాకి చెప్పింది. ఈసారి మనిషికి చెప్పింది. దయామణిగారు మధ్యలో తలూపలేదు, అయ్యోపాపం అనలేదు. పెదాలు బిగబట్టి విన్నారు. ‘రెండూ రావట్లేదండి’ అన్న చోట కృపావతి ఆగింది. ఆగి, అంతకుముందు చెప్పని మాట ఒకటి చెప్పింది.

“మీరు మా అత్తయ్యతో ప్రార్థన చేసినప్పుడల్లా నేను వంటింట్లో నిలబడి ఆమేన్ అనేదాన్నండి సిస్టరుగారూ. మిగతాదంతా అబద్ధమేనండి. ఆ ఆమేన్ మాత్రం కాదు.”

ఈ మాట కూడా సినిమాలో పెట్టకూడదు కదా, పెట్టలేదు. మీరే వింటున్నారు.

మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. “ఒక్క నిమిషం. గది చప్పుడు తీసుకుంటాను.”

అందరూ కదలకుండా కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది. పెరట్లో కోళ్ళు. కృపావతి ఏడుపు ఆపుకోలేక భుజాలు ఎగురుతున్నాయి. దయామణిగారు ముందుకి వంగి ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఓదార్చడానికనుకున్నాను. కాదు, నాడి చూస్తున్నారు. గోడ గడియారం మీద చూపు పెట్టి, నిమిషం నిండే దాకా లెక్కపెట్టారు. “తొంభై ఎనిమిది,” అన్నారు చివర్లో. “కాసేపు కూర్చుని వెళ్ళు. ఇలా ఎండలో నడవకు.”

ఆదివారం సాయంత్రం టౌన్ హాలు నిండిపోయింది. చూస్తున్నప్పుడు ఆవిడ ఏమంటారో కావాలని ఉజ్వల నన్ను దయామణిగారికి తగిలించింది. ముందు వరసలో ఆవిడ, పక్కన సువార్తమ్మ, ఆ పక్కన పాపని ఒళ్ళో పెట్టుకుని కృపావతి. సినిమా నడుస్తోంది. నీడ మొహం వచ్చింది, మార్చిన గొంతు వచ్చింది. ఆమెని పట్టిచ్చే వివరం ఒక్కటీ లేదు. అప్పుడు తెరమీద గిన్నికోళ్ళు అరిచాయి.

వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. తలలు ఇటు తిరిగాయి. సువార్తమ్మ వంగి, “సిస్టరమ్మగారూ, అయ్యి మీ కోళ్ళు కదండీ?” అంది.

“నావే.”

“అంటే ఆ పిల్ల మీ ఇంట్లో కూర్చుని చెప్పిందాండీ? ఎవరండీ? మన సంఘంలో పిల్లేనా?”

దయామణిగారి గుండె నా మీద దబదబా బాదుకుంది. నా జన్మలో అంత గట్టిగా కొట్టుకున్న గుండెని వినలేదు. అటు పక్క కృపావతి పాప తలమీద చెయ్యి వేసింది. దయామణిగారు మాత్రం తల తిప్పలేదు.

“అవి నా కోళ్ళు. అది నా ఇల్లు. ఆ పిల్ల పేరు మాత్రం నన్నడక్కు సువార్తమ్మా.”

“అడక్కపోతే ఎలాగండీ? కడుపులో బిడ్డని తీయించేసుకుని, కట్టుకున్నోడికి అబద్ధం చెప్పిన మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంటారా మీరు? నా మనవడి కోసం నాతో జోడించిన చేతుల్తో దానికి మంచినీళ్ళిచ్చేరా?” సువార్తమ్మ లేచి నిలబడింది. ఆవిడ గొంతు హాలంతా వినపడింది. “నేను మీ పక్కన కూర్చోనండి ఇంక,” అని కోడల్ని రెక్క పట్టుకుని లేవదీసి బయటికి నడిచింది.

తర్వాతి వారం సంఘ పెద్దలు కూర్చున్నారు. పేరు చెప్పండి, లేదంటే అధ్యక్ష పదవి వదులుకోండి అన్నారట. పైకి ఒక మాట, ఇంట్లో ఒక మాట పనికిరాదన్నారట. దయామణిగారు స్త్రీల సమాజం బీరువా తాళాలు బల్లమీద పెట్టి ఇంటికొచ్చేశారు. ఆవిడ ముప్పై ఏళ్ళు నడిపిన సమాజం అది.

ఊరు వదిలి వెళ్ళేముందు నాలుగు మాటలు రికార్డు చేసుకుందామని ఉజ్వలా మస్తానూ ఆ మర్నాడు ఆవిడింటికి వెళ్ళారు. అభిప్రాయమేమైనా మారిందా అని అడిగితే “మారలేదు. తప్పు తప్పే. పోయిన నెల ఏం చెప్పానో అదే రాసుకోండి,” అన్నారు. ఉజ్వల కెమెరా సర్దుకుని వీధిలోకి వెళ్ళింది. మస్తాన్ వసారాలో తీగలు చుట్టుకుంటున్నాడు. నేనింకా ఆవిడ పైట మీదే ఉన్నాను, అతని చెవులకి హెడ్‌ఫోన్లు ఇంకా తగిలించే ఉన్నాయి. అప్పుడు పెరటి వైపు నుంచి కృపావతి వచ్చింది. చేతిలో కుట్టిన జాకెట్టు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“నేను చెప్పేస్తానండి సిస్టరుగారూ. అందరి ముందూ నిలబడి చెప్పేస్తాను. మిమ్మల్ని అలా అంటుంటే నేను అన్నం ఎలా తినగలనండి?”

వసారాలో మస్తాన్ చేతులు ఆగిపోయాయి. అతనికి ప్రతి మాటా వినపడుతోంది. ఇంత మంచి సన్నివేశం ఏ సినిమావాడికీ దొరకదు. అతను నిదానంగా చెవులకున్నవి తీసి, రికార్డరు ఆపేసి, సంచిలో పెట్టేశాడు. కాబట్టి దయామణిగారు చెప్పిన జవాబు ఏ సినిమాలోనూ లేదు, ఏ డిస్కులోనూ లేదు.

“నోరు మూసుకో,” అన్నారు ఆవిడ. “నీకు చెప్పాలనిపించిన రోజు మీ ఆయనకి చెప్పుకో, మీ అత్తకి చెప్పుకో. నన్ను కాపాడ్డానికని చెప్పకు. నువ్వు చేసింది తప్పేనని నేను ఇప్పటికీ అంటాను. రేపు నువ్వొచ్చి అడిగినా నీ మొహం మీదే అంటాను. కానీ ఆ మాట అనడానికి ముందు నేను నీ ఎదురుగా కూర్చుని, నువ్వు చెప్పిందంతా విన్నాను. వాళ్ళకి పేరు కావాలి, అంతే. నువ్వేం చెప్పావో ఒక్కళ్ళూ అడగలేదు.”

కృపావతి ఆవిడ భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. నేను ఆ ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయి ఉన్నాను. రెండు గుండెలూ వినపడుతున్నాయి. నా పనే చప్పుళ్ళు వేరు చెయ్యడం, అయినా ఏది ఎవరిదో ఆ పూట నాకు తెలియలేదు.